రెండుసార్లు వద్దంటే

అక్కకి ‘వద్దు’ అనడం నేర్పింది చెల్లెలే.

అంతకు ముందు అక్కకి ఆ మాట నోటికి వచ్చేది కాదు. దర్జీలు ‘రేపు’ అంటారు, ‘ఎల్లుండి తప్పకుండా’ అంటారు గానీ ‘వద్దు’ అని ఎక్కడంటారు? ఫోన్ కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో కూడా అది ఏమడిగినా తలూపేది. ఆ ఏడాదే వెనక వీధి పిన్నిగారు టార్చి లైటు యాప్ ఒకటి వేసుకుని, అది అడిగిన ప్రతిదానికీ సరే సరే అంటూ పోయింది. మర్నాటికల్లా ఆవిడ ఫోన్లో ఉన్న రెండు వందల మందికీ ఆవిడ పేరు మీద బట్టతల మందు ప్రకటనలు వెళ్ళాయి. ఆ రెండు వందల మందిలో వియ్యంకుడొకడు. ఆయనకి నిజంగానే బట్టతల. రెండు కుటుంబాలకీ నెల రోజులు మాటల్లేవు.

ఆ కథ విని చెల్లెలు అక్కని కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

“ఇదిగో అక్కా, ఫోన్ ఏదైనా అడిగితే ఒకదాని కింద ఒకటి మూడు వరసలొస్తాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది వద్దు. చదవక్కర్లేదు, అడుగున నొక్కెయ్. అంతే.”

“అన్నిటికీ వద్దేనా?”

“అన్నిటికీ. అడిగేవాళ్ళలో మంచివాళ్ళు తక్కువ.”

చదవక్కర్లేదని ఊరికే అనలేదు. అప్పటికే అక్క చూపు తగ్గడం మొదలైంది. పూర్తి చీకటి కాదని కంటి డాక్టరు భరోసా ఇచ్చాడు గానీ, చూపుకి సరిగ్గా నడిమధ్య ఒక మచ్చ వచ్చి కూర్చుంది. అంచుల్లో ఉన్నవి కనిపిస్తాయి, సూటిగా చూసింది కనిపించదు. గుమ్మంలోకి మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. తెర మీద మూడు బొత్తాలున్నాయని తెలుస్తుంది, వాటి మీద ఏం రాసుందో తెలియదు. అందుకని చెల్లెలు అక్షరాలు వదిలేసి చోటు నేర్పింది. తెలివైన పనే. అక్క శ్రద్ధగా నేర్చుకుంది, ఏది నేర్పినా అలాగే నేర్చుకుంటుంది.

చెల్లెలు యాప్‌లు తయారుచేసే చిన్న కంపెనీలో పని చేస్తుంది. మూడో అంతస్తు, ఎనిమిది మంది మనుషులు, కింద కళ్ళజోళ్ళ దుకాణం. వాళ్ళు తయారుచేసేది ఒకటే యాప్. ఫోన్ కెమెరా ముందు ఏ కాగితం పెట్టినా పైకి చదివి వినిపిస్తుంది. చూపు తక్కువైనవాళ్ళ కోసం. తెర మీద అరచేయంత బొత్తాం ఒక్కటే ఉంటుంది. అక్క కోసమే చెల్లెలు ఈ ఉద్యోగంలో చేరిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అది నిజం కాదు. ఆఫీసు ఇంటికి దగ్గరని చేరింది. అక్క సంగతి చేరాక గుర్తొచ్చింది.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పుకోక తప్పదు. కెమెరా వాడాలంటే యాప్ ఫోన్ యజమానిని అడగాలి. ఒకప్పుడు యాప్ ఫోన్లోకి దిగేటప్పుడే అన్నీ గుత్తగా అడిగి పుచ్చుకునేది. ఇప్పుడలా కుదరదు, వాడేటప్పుడు ఎదురుగా నిలబడి అడగాలి. యజమాని వద్దంటే ఇంకోసారి అడగొచ్చు. రెండోసారీ వద్దంటే ఇక అంతే. ఆ తర్వాత యాప్ ఎంత మొత్తుకున్నా ఫోన్ ఆ ప్రశ్నని యజమాని దాకా పోనివ్వదు, గుమ్మంలోనే తిప్పి పంపేస్తుంది. యజమాని తనంతట తాను సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ యాప్‌ని వెతుక్కుని, ఇస్తేనే ఇచ్చినట్టు.

మర్యాద తెలిసిన యాప్ ముందు ఎందుకో చెప్పి, ఆ తర్వాత అడుగుతుంది. వద్దంటే ఏ పని ఆగిపోతుందో చెబుతుంది. దారి మూసుకుపోతే సెట్టింగుల దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంది. చెల్లెలికి ఇదంతా కంఠతా వచ్చు. అయినా అనుమతి ఇస్తే ఏం చేయాలో రాసింది గానీ, రెండుసార్లు వద్దంటే ఏం చేయాలన్న చోట ‘ఇది తర్వాత’ అని తనకోసం ఒక గుర్తు రాసుకుని ముందుకెళ్ళిపోయింది. ఆ తర్వాతకి రెండేళ్ళు నిండాయి. ఎంతైనా దర్జీ చెల్లెలు.

అడిగే పద్ధతి తేల్చింది మాత్రం టీమ్ లీడ్. ఏ మాటైనా టైమ్ చూసుకుంటూనే మాట్లాడతాడని అతన్ని వెనకాల అందరూ ‘గడియారం’ అంటారు. “అడగందే అమ్మైనా పెట్టదు. తెరవగానే అడిగి పారేద్దాం, గొడవ వదిలిపోతుంది” అన్నాడతను. అమ్మని అడిగే పిల్లాడు కనీసం ఆకలేస్తోందని చెబుతాడు. ఈ యాప్ ఆ ముక్క కూడా చెప్పకుండా చెయ్యి చాచేది.

అది ఆఫీసులో ఒక్కరి కంటా పడలేదు. అక్కడ అలమరలో పదకొండు ఫోన్లుంటాయి, కొత్తగా రాసిందల్లా వాటి మీద పరీక్షిస్తారు. ప్రతిసారీ పదకొండు ఫోన్లలో సరే సరే అని ఎవరు నొక్కుతూ కూర్చుంటారని, యాప్ ఎక్కించేటప్పుడే అనుమతులన్నీ తమంతట తామే ఇచ్చేసుకునేలా ఎవరో ఏర్పాటు చేశారు. పని చకచకా సాగింది. తాము లోకాన్ని ఏమడుగుతున్నారో ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ రెండేళ్ళుగా చూడలేదు. దీపం కింద చీకటి అంటారే, అదే.

నాలుగు వందల పన్నెండో ఫిర్యాదు ఆ చీకట్లోకే వచ్చి పడింది.

“అయ్యా, పెద్ద బొత్తాం నొక్కితే ఏమీ కావడం లేదు. తెర నల్లగా ఉంటోంది. మాట రావడం లేదు. ఫోన్ మంచిదే” అని రాసుంది. కింద పేరు లేదు. ఫిర్యాదులు వంతులవారీగా చూస్తారు, ఆ నెల వంతు చెల్లెలిది. పదకొండు ఫోన్లలో ఒకటి తీసి బొత్తాం నొక్కింది. అది ఎదురుగా ఉన్న క్యాలెండర్ని గడగడా చదివింది. యాప్ మూసి తెరవమని జవాబు రాసింది. వారానికి మళ్ళీ అదే ఫిర్యాదు. ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేయమంది. ఇంకో వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి చివర “పని మీద ఆధారపడ్డవాళ్ళం, కాస్త చూడండి” అని ఒక వాక్యం ఎక్కువుంది. ఆ పూట గడియారం ఆమె కుర్చీ వెనకాలే నిలబడి, మిగిలిపోయిన ఫిర్యాదులు లెక్కపెడుతున్నాడు.

“మన దగ్గర వస్తోందా ఇది?” అన్నాడు.

“రావట్లేదండి.”

“మరి మూసెయ్. ఒక్కరి కోసం ఎంతసేపు?”

మూయాలంటే కారణం చెప్పాలి, కారణాల జాబితా ఒకటి ఉంటుంది. చెల్లెలు అందులోంచి ‘వాడేవారి పొరపాటు’ అన్నది ఎంచుకుని, మర్యాదగా నాలుగు ముక్కలు రాసి మూసేసి, టీ తాగడానికి వెళ్ళింది. ఈ మొత్తానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

తర్వాత పది రోజులకి అక్క ఫోన్ చేసింది.

“ఉడతా, ఆదివారం ఖాళీయేనా?” అంది. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేది కాదని చెల్లెలికి ఇంట్లో పెట్టిన పేరది. “షాపు తీసేస్తున్నానే. సోఫాల ఆయన మిషన్ తీసుకుంటానన్నాడు, నాలుగింటికి బండి తెస్తాడు. గుడ్డలవీ సర్దడానికి ఒక చెయ్యి ఉంటే బాగుంటుంది.”

“తీసేయడమేంటి? ఏమైంది?”

“ఏమీ కాలేదు. అయిందేదో అయింది. నువ్వు రా.”

అమ్మ పోయేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్ళు, అక్కకి పందొమ్మిది. చెల్లెలి చదువంతా ఆ మిషన్ మీద నుంచే వచ్చింది. ఆ చప్పుడులో నిద్రపోయింది, ఆ చప్పుడులోనే పరీక్షలకి చదువుకుంది. ఇప్పటికీ ఎక్కడైనా మిషన్ చప్పుడు వినిపిస్తే ఎవరో తన కోసం పని చేస్తున్నట్టే అనిపిస్తుంది. ఫోన్ పెట్టేశాక ఆమెకి ఆ పూట ఏ పనీ తోచలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళింది. షాపంటే పెద్దదేం కాదు. వీధిలోకి ఒక షట్టరు, లోపల బల్ల, గోడకి మేకులు, మేకులకి కాగితపు నమూనాలు, కిటికీ పక్కన మిషన్. మిషన్ మీద అక్క అప్పుడే గుడ్డ కప్పేసింది.

“అసలేం జరిగిందో చెప్పు” అంది చెల్లెలు, సంచి కింద పెట్టకుండానే.

అక్క దారపు కండెలు డబ్బాలో వేస్తూ చెప్పింది. కుట్టడానికి తనకేం ఇబ్బంది లేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి, గుడ్డ అంచు వేలికి తగిలితే చాలు, కుట్టు సూటిగా పోతుంది. చిక్కంతా చీటీలతోనే. యూనిఫారాలిచ్చే కంపెనీవాళ్ళు గుడ్డతో పాటు అచ్చు చీటీలు పంపుతారు. ఛాతీ ఇంత, నడుము ఇంత, పొడుగు ఇంత, అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో. ఆ మచ్చ పుణ్యమా అని అక్కకి మూడూ ఎనిమిదీ ఒక్కలాగే కనబడుతున్నాయి. కిందటి నెల ఒక హోటల్ సర్వరుకి నడుము ముప్పై మూడు పెట్టాల్సింది ముప్పై ఎనిమిది పెట్టింది.

“పాపం, రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని నడుస్తున్నాడట. పళ్ళెం వదలాలో ప్యాంటు వదలాలో తేల్చుకోలేకపోయాడట” అంది.

చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది. అక్క కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“వాళ్ళు మంచివాళ్ళే, ఒక్క మాట అనలేదు. పని పంపడం తగ్గించారు, అంతే. రోజూ చీటీలు పట్టుకుని ఎదురుగా ఉన్న జిరాక్స్ ఆయన దగ్గరికి పోతున్నా, ‘బాబూ, ఇది చదివి పెట్టు’ అని. ఆయన విసుక్కోడు. నాకే విసుగ్గా ఉంది. ముప్పై ఏళ్ళు ఒకళ్ళని అడక్కుండా బతికాను ఉడతా.”

“మరి మా యాప్ ఉందిగా? వేయించుకున్నానన్నావు. ఎలా ఉందంటే బాగుందన్నావు!”

అక్క కండెల డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గానే పడింది, అయినా ఇంకోసారి నొక్కింది.

“బాగానే ఉండుంటుందే. నాకే పని చేయలేదు. నువ్వు చేసినదాన్ని బాగాలేదని నీతో ఎలా అంటాను? కళ్ళు బాగున్నవాళ్ళకి పనిచేస్తుందేమోలే అనుకున్నా.”

“కళ్ళు బాగున్నవాళ్ళకి దాంతో పనేంటక్కా?” అంటూ చెల్లెలు ఫోన్ అందుకోబోయింది. ఫోన్లో యాప్ లేదు. ఎందుకూ పనికిరానిది చోటు తింటోందని జిరాక్స్ ఆయన చేత తీయించేసిందట. చెల్లెలు మళ్ళీ ఎక్కించి, తెరవబోయి ఆగింది. ఏమనిపించిందో ఏమో, ఫోన్ తిరిగి అక్క చేతికే ఇచ్చింది.

“నేను ముట్టుకోను. అప్పుడెలా చేశావో అలాగే చెయ్యి.”

అక్క బల్ల ముందు కూర్చుంది. తలని కొంచెం పక్కకి తిప్పి, కంటి అంచుతో తెరని పట్టుకుంది. యాప్ బొమ్మ మీద నొక్కింది. యాప్ తెరుచుకుంది. తెరుచుకోవడమే ఆలస్యం, మంచీ చెడూ లేకుండా మూడు వరసలొచ్చి నిలబడ్డాయి. అక్క వేలు ఎక్కడా తడబడలేదు. సూదిలో దారం ఎక్కించే వేలది, సరాసరి వెళ్ళి అడుగున నొక్కింది.

చెల్లెలి చెయ్యి ఫోన్ మీదికి పోబోయింది. ముట్టుకోనన్న మాట గుర్తొచ్చి ఆగింది.

ప్రశ్న పోయింది. అరచేయంత బొత్తాం వచ్చింది. అడుగున ఏదో చిన్న సందేశం, ‘కెమెరా అనుమతి కావాలి’ అని, రెండు క్షణాలుండి మాయమైంది. కళ్ళు కనబడనివాళ్ళ యాప్‌లో, కళ్ళు కనబడేవాళ్ళు కూడా చదవలేనంత చిన్న అక్షరాలతో. అది రాసింది చెల్లెలే. అక్కకి అది వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. అక్క పెద్ద బొత్తాం నొక్కింది. మళ్ళీ మూడు వరసలు. మళ్ళీ అడుగున నొక్కింది.

“ఇదిగో, ఇక చూడు” అంది అక్క.

బొత్తాం నొక్కింది. తెర నల్లబడింది. ప్రశ్న రాలేదు. మాట రాలేదు. మళ్ళీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. అక్క ఓపిక గలది. వారాల తరబడి అలాగే నొక్కి ఉంటుంది.

“ఎందుకక్కా అడుగున నొక్కుతున్నావ్?” అంది చెల్లెలు.

“అదేంటే! నువ్వేగా చెప్పావు. ఏదడిగినా అడుగున నొక్కమని.”

వద్దనమని నేర్పింది తను. వద్దంటే మూగబోయేలా యాప్ రాసిందీ తనే. తలుపు బిగించి తాళంచెవి బావిలో పారేసి, తలుపు తీయలేదేమని ఇంట్లోవాళ్ళనే అడుగుతోంది. నాలుగు వందల పన్నెండో ఫిర్యాదు అప్పుడు గుర్తొచ్చింది. తెర నల్లగా ఉంటోంది, మాట రావడం లేదు, ఫోన్ మంచిదే. ఆ మనిషికీ ఇంట్లో ఎవరో తెలివైనవాళ్ళు ఇదే నేర్పి ఉంటారు. అలా ఎంతమందో! చూపు తగ్గినవాళ్ళందరికీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే కదా.

ఫోన్ అందుకుని సెట్టింగుల్లోకి వెళ్ళింది. నాలుగు తెరలు దాటాలి. ఆ నాలుగూ అక్క ఒక్కతే దాటగలదా అని ప్రతి తెర దగ్గరా అనుకుంది, ఏ తెర దగ్గరా దాటగలదనిపించలేదు. కెమెరాకి అనుమతి ఇచ్చి ఫోన్ బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడు నొక్కు. ఏదైనా కాగితం పెట్టి చూడు.”

అక్క చీటీల కట్ట వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. గోడకున్న కాగితపు నమూనాల వెనక నుంచి ఒక మడత పెట్టిన కాగితం తీసింది.

“దీన్ని చదివించాలని ఉంది. జిరాక్స్ ఆయన అచ్చు తీసి చదివాడు గానీ, మధ్యలో ఒకచోట టక్కున ఆగి, దాటేసినట్టు అనిపించింది.”

కాగితం విప్పి ఫోన్ కింద పరిచి, బొత్తాం నొక్కింది. ఫోన్ ఒక్క క్షణం ఆలోచించి, ఎత్తుపల్లాలు లేని గొంతుతో మొదలుపెట్టింది.

“ఫిర్యాదు సంఖ్య నాలుగు వందల పన్నెండు. నమస్కారం. మీరు తెలిపిన సమస్య మా పరీక్షల్లో కనిపించలేదు. యాప్ సక్రమంగా పనిచేస్తోంది. మీ ఫిర్యాదును ముగిస్తున్నాం. ముగింపు కారణం, వాడేవారి పొరపాటు. మీ సహనానికి ధన్యవాదాలు.”

జిరాక్స్ ఆయన దాటేసిన ముక్క అదే. మనిషి గనక మింగేశాడు, యంత్రానికి మొహమాటం ఎక్కడిది?

అక్క ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. ఆమె మొహంలో ముందు కనబడింది సంతోషమే.

“ఎంత స్పష్టంగా చదివిందే! ఒక్క అక్షరం పోలేదు.” ఆ తర్వాత నెమ్మదిగా అంది, “పొరపాటు నాదేనన్నమాట. అనుకున్నాలే.”

“ఆ ఫిర్యాదు నువ్వు రాయించావా?”

“జిరాక్స్ ఆయనే పట్టుబట్టాడు, కంపెనీకి రాద్దాం అని. ఆయన ఫోన్ నుంచే పంపాడు. పేరు మాత్రం పెట్టొద్దన్నాను. ఉడత అక్కే ఉడత చేసినదాని మీద ఫిర్యాదు చేసిందంటే నీకు ఆఫీసులో మాట రాదూ?”

చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుంది, ఆ పూట ఏడ్చే హక్కు తనకి లేదనిపించింది. చెప్పకపోయినా అక్కకి ఎప్పటికీ తెలియదు. కాగితం మీద పేరు లేదు, కంపెనీ ముద్ర తప్ప. చెప్పకుండా ఉండటానికి ఆ గదిలో బోలెడంత చోటుంది.

“అది రాసింది నేనేనక్కా.”

“ఏది?”

“ఆ జవాబు. ఆ కారణం పెట్టిందీ నేనే.”

అక్క తల పక్కకి తిప్పింది. చెల్లెలి మొహం చూడాలంటే అక్క అలా తల తిప్పి చూడాలి.

“తెలిసి రాశావా?”

“చూడకుండా రాశాను. పొరపాటు నీది కాదు. ఎందుకో చెప్పకుండానే అది కెమెరా అడుగుతుంది, వద్దంటే ఏం చేయాలో రాయకుండా నేను వదిలేశాను, రెండేళ్ళయింది. ఎవరు వద్దన్నా అది అలాగే చచ్చిపోతుంది.”

అక్క ఒక్క తిట్టు తిట్టినా చెల్లెలికి కాస్త తేలికపడేది. అక్క చీటీల కట్ట ముందుకి లాక్కుని, పైనున్న చీటీ తీసి ఫోన్ కింద పెట్టింది. “నడుము ముప్పై మూడు” అంది ఫోన్. తీసి ఇంకోటి పెట్టింది. “నడుము ముప్పై ఎనిమిది.” మళ్ళీ మొదటిది పెట్టింది. ముప్పై మూడు. అలా ఆ రెండు చీటీలూ మార్చి మార్చి నాలుగైదుసార్లు చదివించుకుంది. కప్పిన గుడ్డ మీదుగానే మిషన్ చక్రం మీద చెయ్యేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

నాలుగింటికి సోఫాల ఆయన బండి వీధిలో ఆగింది. నగరంలో సగం సోఫాలకి బట్ట మార్చిన మనిషి, వయసులో అక్క కంటే పెద్ద, పెద్ద మీసం, చిన్న గొంతు. మిషన్ మీద కప్పడానికి దుప్పటి కూడా తెచ్చుకున్నాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

“ఏమ్మా, తీసుకెళ్ళమంటారా?”

“వద్దన్నయ్యా” అంది అక్క.

ఆయన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“మాట తప్పుతున్నాను, ఏమనుకోకు. ఊరికే బండి తెప్పించాను నీచేత. చీటీలు చదువుకోలేకపోతున్నానని ఇచ్చేద్దామనుకున్నా. ఇప్పుడు చదువుకోగలుగుతున్నాను. అందుకని.”

ఆయన అక్క వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు, బల్ల మీద ఫోన్ వైపు చూశాడు. మనసు ఉసూరుమంటోందని మొహంలోనే తెలుస్తోంది, అలాంటి పాత మిషన్లు ఇప్పుడు దొరకవు.

“బాగా ఆలోచించుకున్నారా అమ్మా? బండి ఎలాగూ వచ్చింది. నిజంగా వద్దా?”

“వద్దు.”

రెండుసార్లు వద్దన్నాక ఆయన మూడోసారి అడగలేదు. దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. “మంచిదమ్మా. మీ చేతిలో ఉంటేనే దానికీ బాగుంటుంది” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ తయారుచేసినవాళ్ళు ఆ నియమం ఎక్కడి నుంచి తెచ్చారా అని చెల్లెలు చాలాసార్లు విసుక్కుంది. ఇలాంటివాళ్ళని చూసే తెచ్చి ఉంటారు. నియమంలో తప్పేం లేదు. ఆయన అడిగేటప్పుడు దేనికోసమో ఇద్దరికీ తెలుసు, ఆమె వద్దనేటప్పుడు ఎందుకో చెప్పింది. అదే తేడా.

అక్క మిషన్ మీది గుడ్డ తీసి మడిచింది. దారపు కండెల డబ్బా మళ్ళీ తెరిచింది. చెల్లెలు పొద్దుటి నుంచి సంచుల్లో సర్దినవన్నీ ఒక్కొక్కటే తీసి మేకులకి తగిలించింది. జిరాక్స్ ఆయన ఒకసారి వీధి దాటి వచ్చి తొంగిచూసి, “ఏమిటీ, బండి ఖాళీగా పోతోందేం?” అని అడిగి, జవాబు వినకుండానే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

బయల్దేరేటప్పుడు చెల్లెలు గుమ్మం దగ్గర చాలాసేపు చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నిలబడింది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.

“అక్కా.”

“ఊఁ.”

“కోపం వచ్చిందా?”

“వచ్చింది” అంది అక్క, సూది చూసుకుంటూ. “ఎందుకు రాదు? వారాల తరబడి ఆ నల్ల తెర చూస్తూ, నా బతుకింతే అనుకున్నాను. నువ్వు రెండు నిమిషాలు చూసుంటే సరిపోయేది.”

చెల్లెలు తల దించుకుంది. రెండు నిమిషాలని అక్కకి ఎలా తెలిసిందో ఆమెకి అర్థం కాలేదు. ఊరికే అన్న మాటే అయ్యుంటుంది.

అక్క లేచి వచ్చి, ఆ మడతల కాగితం చెల్లెలి చేతిలో పెట్టింది.

“ఇది తీసుకెళ్ళు. రేపు మీ గడియారం ఏమన్నా సరే, దీన్ని మళ్ళీ తెరువు. ముందు ఎందుకో చెప్పి, తర్వాత అడిగేలా చెయ్యి. చేశాక దీనికి సరైన జవాబు రాసి పంపు. నాలాంటివాళ్ళకి ఇంట్లో ఉడతలుండరు.”

“జిరాక్స్ ఆయనకే పంపనా?”

“ఆయన అచ్చు తీసిస్తే చాలు” అంది అక్క. “చదివి పెట్టక్కర్లేదు. నేనే చదువుకుంటాను.”